ఇంగ్లండ్‌లో పాత మఠపు చర్చి ఒక్కటే చూసే వీలుంటే ఏది చూడాలి?

ఇంగ్లండ్ వచ్చిన మనవాళ్ల టూరు దాదాపు ఒకేలా సాగుతుంది. టవర్ బ్రిడ్జి దగ్గర ఫొటోలు, బకింగ్‌హామ్ ప్యాలెస్ గేటు ముందు ఇంకొన్ని ఫొటోలు, వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ టికెట్ ధర చూసి బయటి నుంచే ఒక దణ్ణం. ఆ తర్వాత పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలకు గానీ, చదువుకోవడానికి వచ్చి రెండు వీకెండ్లు ఖాళీ దొరికిన కుర్రాళ్లకు గానీ "పాతకాలపుది, నిజంగా పాతది, ఒకటి చూపించు" అనే కోరిక పుడుతుంది. అలాంటివాళ్లకు నేను ప్రయరీ చర్చిలు చూడమంటాను. ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ల కిందటి కట్టడాలు, ఇప్పటికీ ఆదివారం ప్రార్థనలు జరుగుతున్నవి, చాలావాటికి టికెట్ లేనివి. చిక్కల్లా ఇవి దేశం నిండా ఉండటమే. ఒక్క రోజు, ఒక్క రైలు టికెట్ డబ్బులు ఉన్నప్పుడు ఏది ఎంచుకోవాలో తెలియక, గూగుల్‌లో ఎక్కువ స్టార్లు ఉన్నదానికి వెళ్లిపోతారు. స్టార్లు కాకుండా చూడాల్సింది ఇంకొకటి ఉంది.

1540 తర్వాత అక్కడ ఏం మిగిలింది?

ప్రయరీ అంటే ప్రయర్ అనే పెద్ద ఆధ్వర్యంలో నడిచిన క్రైస్తవ మఠం. సన్యాసుల పడక గదులు, భోజనశాల, మధ్యలో చదరంగా నాలుగు వైపులా వరండా, దాన్ని ఆనుకొని పెద్ద చర్చి. ఆ చర్చి లోపల రెండు భాగాలు. తూర్పు వైపుది క్వయర్. అది సన్యాసులది. పగలూ రాత్రీ వేళ తప్పకుండా అక్కడే నిలబడి ప్రార్థనలు పాడేవారు. పడమటి వైపు పొడవాటి హాలు నేవ్. చాలా చోట్ల ఊరి జనానికి వదిలింది ఆ భాగమే. రెంటికీ మధ్య రాతి తెర. గుళ్లో మనల్ని మండపం దాకా రానిచ్చి గర్భగుడి గడప దగ్గర ఆపేసినట్టు, ఊరివాళ్లు ఆ తెర దగ్గర ఆగిపోయేవారు.

1536లో ఎనిమిదో హెన్రీ ప్రభుత్వం మఠాలను మూసెయ్యడం మొదలుపెట్టింది. ముందు ఏడాదికి 200 పౌండ్ల లోపు ఆదాయం ఉన్న చిన్నవి, తర్వాత పెద్దవి. 1540 వచ్చేసరికి ఒక్క మఠం కూడా మిగల్లేదు. భూములు రాజు చేతికి, అక్కడి నుంచి రాజుగారి మనుషుల చేతికి వెళ్లాయి. కప్పుల మీది సీసం ఊడదీసి కరిగించారు. గోడల రాళ్లు చుట్టుపక్కల ఇళ్లకూ దొడ్లకూ చేరాయి. బతికిపోయిన చర్చిల వెనక ఎక్కువగా ఉన్నది ఒకే కారణం: ఊరివాళ్లు "ఇది మా చర్చి కూడా" అని పట్టుబట్టడం, లేదా డబ్బు పోగేసి కొనుక్కోవడం.

అందుకే ఈరోజు మీకు కనిపించేవి మూడు రకాలు. చర్చి మొత్తం నిలిచినవి, సగం చర్చీ సగం శిథిలంగా ఉన్నవి, ఉత్త శిథిలాలు. మీతో వచ్చేవాళ్లకు ఏ రకం నచ్చుతుందో తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే. పెద్దవాళ్లకు సాధారణంగా మొదటి రకం. కూర్చోవడానికి బెంచీలు, తల మీద కప్పు, చూపించడానికి బొమ్మలు ఉంటాయి. పరిగెత్తే పిల్లలుంటే రెండో రకం. మూడో రకాన్ని ఈ వ్యాసంలో కలపలేదు. దానికి చరిత్ర ముందే చదువుకొని వెళ్లాలి, లేకపోతే "రాళ్లు చూడ్డానికి ఇంత దూరమా" అనే మాట తప్పదు.

లండన్ దాటే టైమ్ లేకపోతే

లండన్‌లోనే రెండున్నాయి, సెయింట్ బార్తొలొమ్యూ ది గ్రేట్, సదర్క్ కెథీడ్రల్. రెండూ అగస్టీనియన్ అనే సన్యాసుల శాఖ మఠాలుగా మొదలైనవే. నన్నడిగితే మొదటిదానికే ఓటు.

సెయింట్ బార్తొలొమ్యూ స్మిత్‌ఫీల్డ్ మాంసం మార్కెట్ పక్కన, ఫారింగ్‌డన్, బార్బికన్ స్టేషన్లకు నడిచే దూరంలో ఉంది. ఎలిజబెత్ లైన్ ఫారింగ్‌డన్‌లో ఆగుతుంది కాబట్టి హీత్రో వైపు ఉండేవాళ్లకు కూడా ఒకటే రైలు. దీన్ని 1123లో రహేర్ అనే ఆయన కట్టించాడు. మొదటి హెన్రీ కొలువులో ఉండేవాడు. రోమ్ యాత్రలో జబ్బుపడి, బతికి బయటపడితే ఆసుపత్రి కట్టిస్తానని మొక్కుకున్నాడట. తిరుగు దారిలో బార్తొలొమ్యూ కలలో కనిపించి స్మిత్‌ఫీల్డ్‌లోనే చర్చి కట్టమన్నాడని కథ. మొక్కుకున్న ఆసుపత్రి కూడా అదే ఏడాది మొదలై, 900 ఏళ్లు దాటినా అదే చోట నడుస్తోంది. బార్ట్స్ హాస్పిటల్ అంటారు, మన డాక్టర్లలో చాలామందికి తెలిసిన పేరే.

ఈ బార్తొలొమ్యూ ఎవరో కాదు, తెలుగు బైబిల్లో బర్తొలొమయి అనే పేరుతో ఉన్న అపొస్తలుడు. ఆయన ఇండియాకు వచ్చి సువార్త చెప్పాడని నాలుగో శతాబ్దంలోనే చరిత్రకారుడు యుసేబియస్ రాశాడు. ఆ రోజుల్లో ఇండియా అంటే ఏ ప్రాంతమో అన్న దాని మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు. అయినా ఇంటి నుంచి వచ్చిన అమ్మకో అత్తయ్యకో చర్చి గుమ్మంలో ఈ సంగతి చెప్పి చూడండి, లోపల నడిచే తీరే మారిపోతుంది.

ఇక్కడ మిగిలిన భాగం తిరగబడింది. మామూలుగా నేవ్ మిగిలి క్వయర్ పోతుంది. ఇక్కడ నేవ్ కూల్చేశారు, క్వయర్ నిలిచింది. వీధి మీద నల్ల కలప, తెల్ల గోడల చిన్న ఇల్లులాంటి గేట్‌హౌస్ కనిపిస్తుంది. కింద ఉన్న ఆర్చి పదమూడో శతాబ్దంలో చర్చి పడమటి గోడలో ఒక వాకిలి. పైన ఉన్న ఇల్లు 1595 నాటిది. ఆ కలప పని ఎన్నో ఏళ్లు పలకల వెనక దాగి ఉంటే, 1915లో జెప్పెలిన్ అనే జర్మన్ ఎయిర్‌షిప్ వేసిన బాంబు పడి పలకలు రాలడంతో బయటపడింది. ఆర్చి దాటి సమాధుల మధ్య నడిచే దారి ఒకప్పటి నేవ్. అంటే చర్చి తలుపు తియ్యకముందే మీరు పాత చర్చిలో సగం నడిచేసినట్టు. వెళ్లినవాళ్లు చాలామంది ఇది తెలియక గేటు దగ్గర ఒక ఫొటో తీసుకొని గబగబా లోపలికి పోతారు.

లోపల చీకటిగా ఉంటుంది. లావాటి గుండ్రటి స్తంభాలు, అర్ధచంద్రాకారపు ఆర్చీలు, నార్మన్ రాజుల కాలపు పని. ఎడమ వైపు రహేర్ సమాధి ఉంది. ఆయన పోయిన రెండున్నర శతాబ్దాల తర్వాత, 1405లో చేయించిన బొమ్మ. కుడి వైపు పైకి చూస్తే గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన కిటికీ ఒకటి కనిపిస్తుంది. పదహారో శతాబ్దం మొదట్లో ప్రయర్ బోల్టన్ కట్టించుకున్నాడు, తన గదిలోంచే ప్రార్థన చూడటానికి. దాని కింద ఒక పీపా, పీపాలోంచి దూసుకుపోయిన బాణం చెక్కారు. ఇంగ్లిష్‌లో బాణం బోల్ట్, పీపా టన్, రెండూ కలిపితే బోల్టన్. పిల్లలను తీసుకెళ్తే ఇది వెతికి పట్టుకోమనండి, పది నిమిషాలు మీకు ప్రశాంతత.

మఠం మూతపడ్డాక ఈ గోడలు పడ్డ పాట్లు మరీ విచిత్రం. ఒక పక్క కమ్మరి కొలిమి నడిచింది. మేరీమాత పేరున ఉన్న లేడీ చాపెల్‌లో ప్రింటింగ్ ప్రెస్ పెట్టారు. 1725 ప్రాంతంలో అందులో పనిచేసిన కుర్రాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్, తర్వాత అమెరికా స్థాపకుల్లో ఒకడైన ఆయనే. 1666 నాటి లండన్ అగ్నిప్రమాదం, రెండు ప్రపంచ యుద్ధాల బాంబులు అన్నీ తప్పించుకున్న చర్చి ఇది. బయటికొచ్చాక ఆసుపత్రి గోడ మీద విలియమ్ వాలెస్ స్మారకం కూడా చూసి వెళ్లండి. 1305లో స్కాట్లండ్ వీరుడు వాలెస్‌ను చంపింది ఈ మైదానంలోనే.

సదర్క్ కెథీడ్రల్ సంగతి వేరు. 1106లో మొదలైన మఠం, 1905లో కెథీడ్రల్, అంటే బిషప్ ఉండే పెద్ద చర్చి, హోదా వచ్చింది. క్వయర్ పదమూడో శతాబ్దపు గాథిక్ పని, చాలా బాగుంటుంది. అయితే నేవ్ 1890ల్లో మళ్లీ కట్టింది. లోపలికి రాగానే మొదట కనిపించేది ఆ కొత్త భాగమే కాబట్టి పాతదనం మనసుకు పట్టదు. దీని బలం కథల్లో ఉంది. షేక్‌స్పియర్ తమ్ముడు ఎడ్మండ్‌ను 1607లో ఇక్కడే పాతిపెట్టారు. హార్వర్డ్ యూనివర్సిటీకి ఏ జాన్ హార్వర్డ్ పేరు పెట్టారో ఆయనకు బాప్తిస్మం జరిగింది అదే ఏడాది ఇక్కడే, ఆయన పేరిట ఒక చాపెల్ ఉంది. పిల్లల్ని అమెరికా పంపాలనుకునే నాన్నలు దాని ముందు ఫొటో దిగకుండా కదలరు. ప్రవేశం ఉచితం, నేల చదునుగా వీల్‌చెయిర్‌కు అనుకూలంగా ఉంటుంది, గోడ పక్కనే బరో మార్కెట్. నడవలేని పెద్దవాళ్లుంటే, లేదా తిండి మధ్యలో అరగంట చర్చి చాలనుకుంటే సదర్క్. వారం మధ్యలో చాలా సాయంత్రాలు ఈవెన్‌సాంగ్ అనే సంగీత ప్రార్థన ఉంటుంది. ఆ వేళకు వెళ్లి వెనక వరుసలో కూర్చుంటే చూసిన దానికంటే విన్నది ఎక్కువ గుర్తుంటుంది.

ఒక రోజంతా ఉంటే: క్రైస్ట్‌చర్చ్, గ్రేట్ మాల్వర్న్

అసలు పోటీ ఈ రెంటి మధ్యే. రెండూ చర్చి దాదాపు మొత్తం నిలిచినవి, రెంటికీ లండన్ నుంచి నేరుగా రైలుంది, పొద్దున బయల్దేరి రాత్రికి ఇంటికి రావచ్చు.

క్రైస్ట్‌చర్చ్ అంటే న్యూజిలాండ్ ఊరు కాదు, ఇంగ్లండ్ దక్షిణ తీరంలో బోర్న్‌మత్ పక్క ఊరు. వాటర్లూ నుంచి సుమారు రెండు గంటలు. ఏవన్, స్టౌర్ నదులు కలిసే చోట చర్చి. పొడవు 95 మీటర్లు, ఇంగ్లండ్‌లో ఊరి చర్చిల్లో దీన్ని మించిన పొడవైంది లేదు. ఇప్పుడున్న కట్టడాన్ని 1094లో మొదలుపెట్టారు. అప్పుడు జరిగిందని చెప్పే కథ ఊరి పేరునే మార్చేసింది. పనివాళ్లలో ఒకడు ఎవరికీ తెలియనివాడట. భోజనానికి వచ్చేవాడు కాదు, కూలీ అడిగేవాడు కాదు. ఒకరోజు పెద్ద దూలం ఒకటి పొట్టిగా కోసేశారు, ఏం చెయ్యాలో తోచక ఇళ్లకు పోయారు. తెల్లారి వచ్చి చూస్తే దూలం సరిపోయేంత పొడుగ్గా, తన చోట అమరి ఉంది. కొత్త వడ్రంగి మాయం. వడ్రంగి యేసేనని నమ్మి, ట్వైనమ్ అనే ఊరిని క్రైస్ట్‌చర్చ్ అన్నారు. ఆ దూలాన్ని ఇప్పటికీ చూపిస్తారు. పక్కన నిలబడి ఈ కథ చెబితే మన పెద్దవాళ్లు ఎవరూ "నిజమా?" అని అడగరు. మన గుళ్లకు ఇలాంటి స్థలపురాణాలు ఎన్ని లేవు!

దూలం తర్వాత ఆగాల్సిన చోటు క్వయర్. బలిపీఠం వెనక నిలువెత్తు రాతి తెర మీద దావీదు తండ్రి యెష్షయి పడుకొని ఉంటాడు, అటూ ఇటూ దావీదు, సొలొమోను, పైన బాలయేసును చూడవచ్చిన జ్ఞానులు. సుమారు 1350 నాటి శిల్పం. పక్కనే మార్గరెట్ పోల్ కోసం కట్టిన చిన్న రాతి మందిరం ఉంది. ఆమె రాజవంశపు ఆడపడుచు, ఇక్కడ తనకు సమాధి ముందే సిద్ధం చేయించుకుంది. 1539లో మఠం మూసెయ్యడానికి వచ్చిన రాజోద్యోగులు ఆమె వంశ చిహ్నాలను చెక్కేశారు. 1541లో, అరవై ఏళ్లు ఎప్పుడో దాటిన ఆమెను లండన్ టవర్‌లో తల నరికించాడు ఎనిమిదో హెన్రీ. శవం కూడా అక్కడే ఉండిపోయింది. క్రైస్ట్‌చర్చ్‌లోని ఆ మందిరం ఖాళీగానే ఉంది. ముందురోజు టవర్ చూసొచ్చినవాళ్లకు ఈ రెండు చోట్లూ కలిపే దారం ఇదే, మరిచిపోకుండా చెప్పండి.

ఈ మఠం చివరి ప్రయర్ పేరు జాన్ డ్రేపర్. మఠాన్ని రాజుకు అప్పగించేశాడు, చర్చిని మాత్రం ఊరివాళ్లకు ఇమ్మన్న విన్నపం ఫలించింది. 1540లో అది ఊరికి దక్కింది.

మాల్వర్న్ ఇంగ్లండ్ పడమటి వైపు, వూస్టర్‌షైర్‌లో. పాడింగ్‌టన్ నుంచి రెండున్నర గంటల పైమాటే, బర్మింగ్‌హామ్‌లో ఉండేవాళ్లకు గంట ప్రయాణం. 1085లో మొదలైన, బెనెడిక్టిన్ అనే శాఖ సన్యాసుల మఠం. బయటి నుంచి చూస్తే క్రైస్ట్‌చర్చ్ అంత ఘనంగా ఉండదు. లోపలికెళ్తే రంగులు. పదిహేనో శతాబ్దంలో పెద్దది చేసినప్పుడు పెట్టిన రంగుటద్దాల కిటికీలు చాలా వరకు అలాగే ఉన్నాయి. ఇంగ్లండ్ చర్చిల్లో ఆ కాలపు అద్దాలు ఎక్కువ చోట్ల పగిలిపోయాయి. మెదక్ చర్చిలో రంగుటద్దాలు చూసి ఆశ్చర్యపోయినవాళ్లు మనలో చాలామంది. అవి ఇరవయ్యో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో చేయించి తెచ్చినవి. మాల్వర్న్‌వి వాటికంటే నాలుగైదు వందల ఏళ్లు పెద్దవి.

ఇక్కడి రెండు కిటికీల కథ కోసమే నేను మాల్వర్న్‌ను ముందు పెడతాను. పడమటి పెద్ద కిటికీ మూడో రిచర్డ్ ఇచ్చిందని చెబుతారు. 1485లో ఆ రిచర్డ్‌ను యుద్ధంలో చంపి గద్దెనెక్కినవాడు ఏడో హెన్రీ. ఉత్తరపు వైపు కిటికీ ఆ హెన్రీ 1501లో ఇచ్చింది. అందులో రాజు, ఆయన పెద్దకొడుకు ఆర్థర్ మోకాళ్ల మీద ఉంటారు. ఒకరినొకరు చంపుకున్న రెండు వంశాల కానుకలు ఒకే కప్పు కింద. మరుసటి ఏడాది ఆర్థర్ చనిపోయాడు. ఆ చావు వల్ల రాజ్యం తమ్ముడికి పోయింది, ఆ తమ్ముడే ఎనిమిదో హెన్రీ, మఠాలన్నీ మూయించినవాడు. అంటే తండ్రి కానుకిచ్చిన మఠాన్ని కొడుకు ముగించాడు. ఆర్థర్ సమాధి వూస్టర్ కెథీడ్రల్‌లో ఉంది, మాల్వర్న్ రైలు ఆ ఊరి మీదుగానే పోతుంది. తిరుగు ప్రయాణంలో అక్కడ గంటన్నర ఆగితే కథ పూర్తవుతుంది.

మాల్వర్న్ మఠం మూతపడ్డాక ఊరివాళ్లు ఈ చర్చిని 20 పౌండ్లకు కొనుక్కున్నారు, అదీ వాయిదాల్లో. తమ పాత చర్చి శిథిలమైపోతుంటే, దాన్ని బాగుచేసుకోవడం కంటే ఇదే మేలనుకున్నారు. దేశంలో ఇంత లాభసాటి బేరం ఇంకొకటి జరిగి ఉండదు.

కిటికీల తర్వాత క్వయర్‌లో చెక్క సీట్లు పైకెత్తి చూడండి, వాలంటీరు అక్కడుంటే అడిగి ఎత్తండి. సన్యాసులు గంటల తరబడి నిలబడాలి కాబట్టి, మడిచిన సీటు అడుగున ఆనుకోవడానికి చిన్న చెక్క బల్ల ఉంటుంది. దాన్ని మిసెరికార్డ్ అంటారు. దాని కింద వడ్రంగులు తమ ఇష్టమొచ్చిన బొమ్మలు చెక్కారు. దేవుడి బొమ్మలు తక్కువ, పొలం పనులు ఎక్కువ: గడ్డి కోత, పందులకు మేత. ఒకదాంట్లో మూడు ఎలుకలు కలిసి పిల్లిని ఉరితీస్తుంటాయి. క్రైస్ట్‌చర్చ్‌లో కూడా ఇలాంటి సీట్లున్నాయి, అక్కడ ఒకటి 1250 ప్రాంతంది, ఇంకా పాతది. కానీ ఎలుకలు మాత్రం మాల్వర్న్‌లోనే. బలిపీఠం వెనక గోడకు పొదిగిన పాత మట్టి పలకలు కూడా చూసి రండి. వాటిని కాల్చిన బట్టీ చర్చి దగ్గరే బయటపడింది.

మరి రెంటిలో ఏది? మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, సముద్రం కూడా చూడాలనుకునేవాళ్లు ఉంటే క్రైస్ట్‌చర్చ్. ఊరంతా చదును, చర్చి పక్కనే కోట శిథిలాలు, రేవు, కాస్త దూరంలో బీచ్. సాయంత్రం బోర్న్‌మత్‌లో తిండి దొరకడానికి ఇబ్బంది ఉండదు. మాల్వర్న్ కొండ మీది ఊరు. స్టేషన్ నుంచి చర్చికి ఎగువ దారి, చర్చి నుంచి కొండకు ఇంకా ఎగువ. ఒంట్లో సత్తువ ఉండి, తీరిగ్గా ఒక్కో బొమ్మనూ పట్టి చూసే అలవాటున్నవాళ్లకు మాత్రం మాల్వర్న్‌ను మించింది నాకు తెలియదు. కిటికీల్లో బొమ్మలు చిన్నవి, ఎత్తులో ఉంటాయి. బైనాక్యులర్స్ తీసుకెళ్తే నోవహు ఓడ కూడా కనిపిస్తుంది. లేకపోతే రంగులు మాత్రమే కనిపిస్తాయి.

ఎండ వెలుగు కూడా లెక్కలోకి తీసుకోండి. మాల్వర్న్‌కు డిసెంబరులో వెళ్తే మూడున్నరకే అద్దాలు నల్లబడిపోతాయి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మధ్యలో, మధ్యాహ్నం వేళకు లోపల ఉండేలా చూసుకోండి. క్రైస్ట్‌చర్చ్‌కు ఈ పట్టింపు లేదు, మబ్బు రోజున కూడా రాతిపని చక్కగా కనిపిస్తుంది.

పిల్లలు, కారు, పులిహోర డబ్బా

ఉత్తరాన లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్ వైపు ఉండేవాళ్లకు, చిన్నపిల్లల కుటుంబాలకు బోల్టన్ ప్రయరీ. ముందే ఒక హెచ్చరిక: మాంచెస్టర్ పక్కన బోల్టన్ అని పెద్ద ఊరుంది, దానికీ దీనికీ సంబంధం లేదు. నావిగేషన్‌లో బోల్టన్ ఆబీ అని కొట్టండి. యార్క్‌షైర్ డేల్స్‌లో వార్ఫ్ నది ఒడ్డున ఉంటుంది. నేవ్ నేటికీ ఊరి చర్చి, దాని వెనక క్వయర్ కప్పు లేకుండా ఆకాశంలోకి తెరుచుకొని ఉంది. ఇందాక చెప్పిన సగం సగం రకానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. లోపల ఐదు నిమిషాలు, బయట ఐదు నిమిషాలు నిలబడితే చాలు, 1540 నాటి సంగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది.

పడమటి వైపు ఒక అసంపూర్తి గోపురం ఉంది. 1520లో ప్రయర్ మూన్ మొదలుపెట్టాడు. పూర్తయ్యేలోపు మఠమే పోయింది. ఆ గోపురం వెనక దాక్కొని ఉన్న పదమూడో శతాబ్దపు గోడ దానికంటే అందంగా ఉంటుంది. కొత్తది ఎత్తు పెరిగాక పాతది పడగొట్టేవారేమో, ఆ అవసరం రాలేదు.

నది దాటడానికి వరుసగా రాళ్లు పరిచి ఉంటాయి, భయమున్నవాళ్లకు పక్కనే వంతెన. ఒడ్డున గడ్డి మీద దుప్పటి పరిచి డబ్బాలు విప్పుకోవచ్చు. చర్చికి టికెట్ లేదు కానీ ఎస్టేట్ కార్ పార్కింగ్‌కు గట్టిగానే తీసుకుంటారు, కారుకు ఇంత అని కాబట్టి ఐదుగురు వెళ్తే గిట్టుబాటు. ఒక్క విషయంలో మాత్రం మొహమాటం వద్దు. నది వెంట పైకి నడిస్తే స్ట్రిడ్ అనే చోటు వస్తుంది. నది మొత్తం ఇరుకైన రాతి సందులో దూరుతుంది, చూస్తే ఒక్క గెంతులో దాటొచ్చు అనిపిస్తుంది. అడుగున లోతు, సుళ్లు. దూకబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. రీల్స్ పిచ్చి ఉన్న కుర్రాళ్లను అక్కడ ఒంటరిగా వదలకండి.

మరీ ఉత్తరానికి వెళ్తుంటే

వీటి కోసమే లండన్ నుంచి బయల్దేరమని చెప్పను. ఎలాగూ ఆ దారిలో వెళ్తుంటే ఆగండి.

లేక్ డిస్ట్రిక్ట్ వెళ్తున్నవాళ్లకు కార్ట్‌మెల్. 1190 ప్రాంతంలో విలియమ్ మార్షల్ అనే పేరున్న యోధుడు స్థాపించాడు. గోపురం పై అంతస్తును కింది అంతస్తుకు ఐమూలగా తిప్పి కట్టారు, ఇంగ్లండ్‌లో ఇంకెక్కడా అలా లేదు. మఠం పోయాక ఎనభై ఏళ్ల దాకా చర్చిలో ఎక్కువ భాగానికి కప్పు లేదు, 1618లో స్థానిక జమీందారు ఒకాయన మళ్లీ వేయించాడు. ఊరు చిన్నది, చర్చి చూడ్డానికి ముప్పావుగంట, ఊళ్లో స్టికీ టాఫీ పుడ్డింగ్‌కు ఇంకో అరగంట.

రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ చూడబోతుంటే లానర్‌కాస్ట్. చాలా రాళ్లు ఆ గోడ నుంచి ఊడదీసి తెచ్చినవే. స్కాట్లండ్ మీద యుద్ధానికి వెళ్తూ జబ్బుపడిన మొదటి ఎడ్వర్డ్ రాజు 1306 శరత్కాలం నుంచి 1307 మార్చి దాకా ఈ చిన్న మఠంలోనే బస చేశాడు. రాజు, రాణి, వాళ్ల పరివారం అన్ని నెలలు తిష్టవేస్తే మఠం ఖజానా ఏమై ఉంటుందో ఊహించుకోండి. ఆ జులైలోనే రాజు చనిపోయాడు, 1311లో స్కాట్లండ్ రాజు రాబర్ట్ బ్రూస్ సైన్యం వచ్చి మఠాన్ని దోచింది. స్మిత్‌ఫీల్డ్‌లో వాలెస్‌ను చంపించింది కూడా ఈ ఎడ్వర్డే. ఇక్కడ నేవ్ ఊరి చర్చి, వెనక శిథిలాలు పాత కట్టడాలను చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ చేతిలో ఉన్నాయి, వాటికి టికెట్ ఉంటుంది. సభ్యత్వం ఉన్నవాళ్లకు ఉచితం.

"డరమ్ గురించి చెప్పలేదేం?" అని అడుగుతారు. డరమ్ కెథీడ్రల్ కూడా 1539 దాకా బెనెడిక్టిన్ ప్రయరీయే, 1093లో మొదలైన ఆ చర్చి నేవ్‌కు సాటి దేశంలోనే తక్కువ. ఎడిన్‌బరా రైలు అక్కడ ఆగుతుంది కాబట్టి స్కాట్లండ్ ప్లాన్ ఉంటే తప్పకుండా దిగండి. కానీ అది పెద్ద కెథీడ్రల్, జనం, గ్రూపులు. పైన చెప్పినవాటి వరుసలో పెట్టి పోల్చడం వాటికీ న్యాయం కాదు, దానికీ న్యాయం కాదు.

బయల్దేరే ముందు

ఇవి మ్యూజియంలు కావు, నడుస్తున్న చర్చిలు. శనివారం పెళ్లి ఉండొచ్చు, వారం మధ్యలో అంత్యక్రియలు ఉండొచ్చు, డిసెంబరులో క్యారల్ రిహార్సల్స్ ఉంటాయి, సెయింట్ బార్తొలొమ్యూలో అయితే షూటింగులు కూడా. ముందురోజు రాత్రి చర్చి వెబ్‌సైట్‌లో క్యాలెండర్ చూడండి. ఆదివారం పొద్దున ప్రార్థనకు వెళ్లే ఉద్దేశం లేకపోతే ఆ పూట మానెయ్యండి. మంగళ, బుధ, గురువారాలు అన్నిటికంటే నయం.

చెప్పులు విప్పక్కర్లేదు. అమ్మమ్మలు గుమ్మం దగ్గర ఆగి వంగబోతారు, ముందే చెప్పండి. మగవాళ్లు టోపీ తియ్యాలి. ప్రార్థన జరుగుతుండగా వెళ్తే వెనక కూర్చోవచ్చు, మతం ఏదని ఎవరూ అడగరు. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే వేళకు లేచి వెళ్లకుండా సీట్లోనే ఉండిపోతే ఎవరూ ఏమీ అనుకోరు. ఫొటోలకు చాలా చోట్ల అభ్యంతరం లేదు, ప్రార్థన సమయంలో మాత్రం ఫోన్ జేబులో ఉండాలి. టికెట్ లేదంటే ఖర్చు లేదని కాదు. ఇలాంటి కప్పుల రిపేరు సొంత డబ్బుతో చేసుకునే శక్తి చిన్న ఊళ్లకు ఉండదు. తలుపు దగ్గర కార్డు ట్యాప్ చేసే పెట్టె ఉంటుంది, మనిషికి ఐదు పౌండ్లు వేస్తే బాగుంటుంది.

లోపల చలి గురించి టెన్షన్ పడాల్సింది జులైలో కూడా. మందపాటి రాతి గోడలు, బయట ఇరవై ఐదు డిగ్రీలున్నా అరగంట కూర్చుంటే అమ్మకు శాలువా కావాలి. చిన్న ఊళ్ల చర్చిల్లో బాత్‌రూమ్ ఉంటుందని నమ్ముకోకండి, రైలు దిగగానే స్టేషన్‌లోనే చూసుకోండి.

రైలు టికెట్‌కు, ముగ్గురు నుంచి తొమ్మిది మంది దాకా కలిసి వెళ్తే రద్దీ లేని వేళల్లో చాలా రైళ్లలో గ్రూప్‌సేవ్ కింద మూడోవంతు తగ్గుతుంది. 60 దాటిన అమ్మానాన్నలు విజిటర్లయినా సీనియర్ రైల్‌కార్డు కొనుక్కోవచ్చు, పాస్‌పోర్ట్ చూపించి స్టేషన్ కౌంటర్‌లో తీసుకోండి. దానికీ తగ్గింపు మూడోవంతే. మాల్వర్న్ లాంటి దూరపు టికెట్లు రెండు మూడు కొనేసరికి కార్డు డబ్బులు దాదాపు తిరిగొచ్చేస్తాయి. మాల్వర్న్‌కే వెళ్తుంటే పొద్దున తొమ్మిదిన్నర తర్వాతి రైలు చూసుకొని, తిరుగు టికెట్‌తో వూస్టర్‌లో మధ్యలో దిగవచ్చో లేదో కొనేటప్పుడే అడగండి. ఒకే రైలుకు ముందుగా కొనే అడ్వాన్స్ టికెట్లతో అలా దిగనివ్వరు.